గ్రంథసూచి కథ: పేకముక్కల నుండి కంప్యూటరు వరకు

పాఠశాల బీరువాలోని పుస్తకములు రెండు మూడు వందలకు మించనంత కాలము సూచీపత్రముతో పనిలేదు. వాటిని చూచుకొను ఉపాధ్యాయునికి ఏది ఏ అరలో ఉన్నదో కంఠతా వచ్చును. ఆయన బదిలీ అయి వెళ్ళిన మరునాడు గాని చిక్కు బయటపడదు. పుస్తకములన్నియు బీరువాలోనే ఉండును, అడిగిన పుస్తకము మాత్రము దొరకదు. ఆయన వెంట వెళ్ళిపోయినది పుస్తకము కాదు, పుస్తకమును గురించిన సమాచారము.

ఈ రెండవ రకపు సమాచారమునకే నేడు కంప్యూటరు శాస్త్రములో మెటాడేటా అని పేరు. పుస్తకములో ఉన్నది విషయము. దానిని వ్రాసినది ఎవరు, పేరేమి, ఏ ఊరిలో ఏ సంవత్సరమున అచ్చయినది, ఎన్ని పుటలు, దేనిని గురించినది అనునవి దాని మెటాడేటా. మాట కొత్తదే గాని పని చాల పాతది. క్రీస్తుపూర్వము 3వ శతాబ్దమున అలెగ్జాండ్రియా గ్రంథాలయములో పనిచేసిన కల్లిమాకస్ అను గ్రీకు కవి ‘పినాకెస్’ అను పేర 120 చుట్టల జాబితాను తయారుచేసినాడు. గ్రంథకర్తను గురించి నాలుగు మాటలు, గ్రంథములోని మొదటి పంక్తి, మొత్తము పంక్తుల సంఖ్య అందులో ఉండెడివట. ఆ జాబితా నశించినది. ఇతరులు ఉదాహరించిన తునకలు మాత్రమే మిగిలినవి.

ఒక గ్రంథాలయము తనకొక జాబితా వ్రాసికొనుట ఒక ఎత్తు. ఒకరు వ్రాసిన వివరమును నూరుమంది వాడుకొనగలుగుట మరొక ఎత్తు. ఈ రెండవ ప్రయత్నము పెద్దయెత్తున మొదలైనది ఫ్రాన్సు విప్లవ కాలమున.

1789 తరువాత ఫ్రాన్సు ప్రభుత్వము మఠముల ఆస్తులను స్వాధీనము చేసికొనగా, వాటితో బాటు లక్షల కొలది పుస్తకములు చేతికి వచ్చినవి. ఏ పట్టణములో ఏమున్నదో పారిస్‌లో ఎవరికిని తెలియదు. 1791లో ప్రభుత్వము ఒక ఉత్తర్వు పంపినది: ప్రతి పుస్తకమునకు ఒక ముక్క చొప్పున వివరము వ్రాసి పంపవలెను. ముక్క యనగా పేకముక్కయే! ఆ రోజులలో పేకముక్కల వెనుకవైపు బొమ్మ లేక తెల్లగా ఉండెడిది. పైగా అవి గట్టివి, ఒకే కొలతవి, ఏ ఊరిలోనైనను దొరకునవి. గ్రంథకర్త పేరు క్రింద గీత గీయవలెను. కర్త తెలియనప్పుడు గ్రంథ నామములో ముఖ్యమైన మాట క్రింద గీయవలెను. గీత ఉన్న మాటను బట్టి ముక్కలను అకారాదిగా పేర్చి, మూలకు సూదితో దారము గ్రుచ్చి పంపవలెను. పొడవైన పేరున్న గ్రంథములకు ఆసు, రెండు ముక్కలను వాడవలెనని కూడ సూచించినారు. వాటి ముందువైపున కూడ ఖాళీ చోటు ఎక్కువ గదా!

ఉత్తర్వు వ్రాసినవారి తెలివి ఆ గీతలో ఉన్నది. పల్లెటూరి గుమాస్తా పండితుడు కానక్కరలేదు. ఏ మాటను బట్టి వెదకవలెనో గుర్తించిన చాలును. చీటీలోని మరొక లాభమును పద్దుపుస్తకము వాడినవారు సులభముగా గ్రహింతురు. పద్దులో రెండు పేర్ల నడుమ మూడవ పేరును ఇరికించుటకు చోటుండదు. చీట్ల వరుసలో ఎక్కడనైనను కొత్త చీటీ చొప్పింపవచ్చును. 1794 నాటికి సుమారు 12 లక్షల ముక్కలు పారిస్ చేరినవి. వాటినన్నిటిని కలిపి దేశమంతటికి ఒకే సూచి చేయవలెనన్న సంకల్పము మాత్రము నెరవేరలేదు.

అందరు ఒకే విధముగా వ్రాయనిదే చీట్లు కలియవు. 1841లో లండను బ్రిటిష్ మ్యూజియములో పానిజ్జి 91 నియమములు అచ్చువేయించినది ఇందుకే. పుస్తకము పేరు వ్రాయుటకు ఇన్ని నియమములా యని ఆనాడు ఆక్షేపించినవారు లేకపోలేదు. మారుపేరుతో వ్రాసినవారిని, బిరుదుతోనే ప్రసిద్ధులైనవారిని, పేరే లేనివారిని ఎక్కడ చేర్చవలెనో తేల్చుటకు 91 కూడ చాలవని తరువాతివారికి తెలిసివచ్చినది.

అమెరికాలో స్మిత్‌సోనియన్ సంస్థ గ్రంథపాలకుడు చార్లెస్ జ్యూయెట్ మరొక అడుగు ముందుకు వేసినాడు. ఒక పుస్తకపు వివరమును నూరు గ్రంథాలయములు నూరుసార్లు అక్షరములు పేర్చి అచ్చువేయనేల? ప్రతి వివరమునకు ఒక అచ్చుపలక పోసి ఒకచోట భద్రపరచిన యెడల, ఎవరికి ఏ పుస్తకములున్నవో ఆ పలకలనే ఏరి పేర్చి వారి జాబితా అచ్చువేయవచ్చునని 1852లో ప్రకటించిన గ్రంథములో వివరించినాడు. ఆలోచన నిర్దుష్టమైనది. పలకలే మోసము చేసినవి. చవుక యని బంకమట్టితో తయారుచేయగా అవి వంకరలు పోయినవి. ‘జ్యూయెట్ మట్టి జాబితా’ యని లోకులు పరిహసించినారు. సంస్థలో గ్రంథాలయమునకు ఎంత ధనము వెచ్చింపవలెనను విషయమున కార్యదర్శితో తగవు వచ్చి 1854లో ఉద్యోగము కూడ పోయినది. అతని తలపు దాదాపు అర్ధశతాబ్దము తరువాత ఫలించినది. 1901 నుండి అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ తాను అచ్చువేసిన సూచీకార్డులను ఇతర గ్రంథాలయములకు అమ్మసాగినది. అప్పటికే కార్డు కొలత 7.5 సెంటీమీటర్లు × 12.5 సెంటీమీటర్లుగా స్థిరపడియుండుటచే ఆ కార్డు ఏ సొరుగులోనైనను ఇమిడెడిది.

ఇక కంప్యూటరు. 1965లో కాంగ్రెస్ లైబ్రరీలో చేరిన హెన్రియెట్ ఆవ్రమ్ గ్రంథాలయ శాస్త్రము చదివినది కాదు. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుట ఆమె వృత్తి. కార్డులోని సమాచారమును యంత్రము చదువునట్లు చేయుట ఆమెకు అప్పగించిన పని. వినుటకు తేలికగానే ఉండును. కార్డును చూడగానే పై పంక్తిలోనిది గ్రంథకర్త పేరని, దాని క్రిందిది గ్రంథము పేరని మన కన్ను చెప్పును. యంత్రమునకు పై, క్రింద అనునవి లేవు. ఒకదాని వెంట ఒకటి వచ్చు అక్షరముల గొలుసు మాత్రమే ఉన్నది. పోనీ ప్రతి అంశమునకు ఇన్ని గడులని కేటాయింతమా? ఆనాటి పంచికార్డులో ఉన్నవి 80 గడులు. ఒక గ్రంథము పేరు రెండు మాటలు, మరొకదాని పేరు మూడు పంక్తులు. పెద్దది తెగిపోవును, చిన్నదానికి చోటు వృథా.

ఆమె బృందము రూపొందించిన ‘మార్క్’ పద్ధతి ఈ చిక్కును చక్కగా విప్పినది. ప్రతి అంశమునకు మూడంకెల గుర్తు ఇచ్చినారు: గ్రంథకర్తకు 100, గ్రంథనామమునకు 245, విషయమునకు 650. ప్రతి వివరణకు ముందు 24 అక్షరముల శిరోభాగము, దాని తరువాత ఒక చిన్న విషయసూచిక. సూచికలో ఒక్కొక్క అంశమునకు 12 స్థానములు: మూడు గుర్తుకు, నాలుగు ఆ అంశము పొడవునకు, ఐదు అది ఎక్కడ మొదలగునో చెప్పుటకు. యంత్రము ముందు సూచికను చదివి, సరిగా ఆ చోటికి వెళ్ళి, అన్ని అక్షరములే తీసికొనును. గ్రంథములకు సూచి వ్రాయబోయి, ఆ వ్రాతకే మరల ఒక సూచి తగిలించిరన్నమాట. 1966 నవంబరు నుండి 1968 జూను వరకు 16 గ్రంథాలయములకు టేపులు పంపి పరీక్షించినారు. 1969లో పంపిణీ మొదలైనది. 1973లో దీని నిర్మాణము అంతర్జాతీయ ప్రమాణమైనది. 1971 ఆగస్టు 26న ఒహయో విశ్వవిద్యాలయ గ్రంథాలయము తంతి ద్వారా ఉమ్మడి కంప్యూటరుతో సంబంధము కల్పించుకొని, మొదటి రోజుననే 133 పుస్తకములను సూచిలో చేర్చినది.

యంత్రము దారికి వచ్చినది. పేర్లు, లిపులు అంత సులభముగా దారికి రాలేదు. మార్క్ టేపులలో మొదట చేరినవి ఇంగ్లీషు పుస్తకములే. అప్పటికే తెలుగు పుస్తకములు అమెరికా చేరుచుండెను. ఆ కథ గోధుమలతో ముడిపడినది. పబ్లిక్ లా 480 అను చట్టము క్రింద భారతదేశమునకు అమ్మిన గోధుమల వెల రూపాయలలో జమకాగా, అందులో కొంత సొమ్ముతో 1962 నుండి కాంగ్రెస్ లైబ్రరీ ఢిల్లీ కార్యాలయము భారతీయ భాషల పుస్తకములు కొని అక్కడి విశ్వవిద్యాలయములకు పంపినది. మన కథలు, కావ్యములు, నాటకములు అట్లు సముద్రము దాటినవి. వాటి వివరములు మాత్రము రోమన్ లిపిలోనే వ్రాయవలసివచ్చినది. మన దేశములో 1958 నుండి వెలువడిన ఇండియన్ నేషనల్ బిబ్లియోగ్రఫీ కూడ పద్నాలుగు భాషల పుస్తకములను ఒకే వరుసలో పేర్చుటకు రోమన్ లిపినే ఆశ్రయించినది.

పేరు సంగతి చూడుడు. పాశ్చాత్యుల పేరులో చివరి మాట ఇంటిపేరు. సూచిలో దానినే ముందు వ్రాయుదురు. తెలుగువారి ఇంటిపేరు మొదటనే ఉండును. నియమమును గ్రుడ్డిగా అనుసరించినచో గురజాడ అప్పారావు ‘అప్పారావు, గురజాడ’ అగును, అప్పారావులు వేలకొలది! మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులు ఎస్. ఆర్. రంగనాథన్ 1934లో సూచీ నియమావళి ప్రకటించినవారు. భారతీయుల పేర్లకు వేరు నియమములు కావలెనని వాదించినారు. వ్రాతలో మరొక తంటా: గురజాడలోని ‘జ’ను ఇంగ్లీషున ఒకరు జె అక్షరముతోను, మరొకరు జెడ్ అక్షరముతోను వ్రాయుదురు. యంత్రము దృష్టిలో వారు ఇద్దరు మనుష్యులు. అందుచే సూచి తయారుచేయువారు ఒక్కొక్క రచయితకు ఒక నిర్ణీత రూపమును ఎన్నుకొని, మిగిలిన రూపములన్నిటి నుండి దానికి దారి చూపు ప్రత్యేక పట్టికలను నిర్వహింతురు. పాఠకుని కంటబడని ఈ పనికే ఎక్కువ శ్రమ పట్టును.

1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణములో తెలుగు లిపికి 128 స్థానములు కేటాయించినారు. ఇప్పుడు మార్క్ వివరణలో 880 గుర్తు క్రింద రోమన్ రూపమునకు జతగా తెలుగు రూపమును చేర్చవచ్చును. 1995లో మొదలైన ‘డబ్లిన్ కోర్’ గ్రంథాలయములు కానివారు కూడ వాడుకొనగలుగునట్లు వివరణను 15 అంశములకు కుదించినది. సౌకర్యమే గాని, పెద్ద పాత్రలోనిది చిన్న పాత్రలో పోసినట్లగును. మార్క్‌లో అనువాదకుడు, సంపాదకుడు అని వేరుగా వ్రాసినవారు అందులో ‘సహకర్తలు’ అను ఒకే గడిలో కలియుదురు. తిరిగి మార్క్‌లోనికి మార్చునపుడు ఎవరు ఏమి చేసిరో యంత్రము చెప్పలేదు.

పాత వివరణలకు తెలుగు రూపము చేర్చుట కూడ అట్టిదే. పూర్వపు సూచీకారులు దీర్ఘమునకు అక్షరముపై గీతను, ళకారమునకు క్రింద చుక్కను శ్రద్ధగా పెట్టిన చోట యంత్రమే రోమన్ నుండి తెలుగులోనికి చాలవరకు మార్చగలదు. ఒక కంప్యూటరు నుండి మరొకదానికి పంపుటలో ఆ గీతలు, చుక్కలు రాలిపోయిన చోట కల, కళ, కాల అను మూడు మాటలు ఒక్కటే అగును. అప్పుడు తెలుగు తెలిసినవారొకరు పుస్తకమును అరలో నుండి తీసి, ముఖపత్రము చూచి, ఏది సరియైనదో వ్రాయవలసియున్నది.