క్షయ చికిత్స: మందులు మధ్యలో మానకుండా చూసేందుకు సాగిన పరిశోధనలు

క్షయకు మందులు వచ్చినా వాటిని చివరిదాకా వాడించడం మాత్రం వైద్యులకు కష్టంగానే మిగిలింది. ఒకటి రెండు నెలలు వాడేసరికి దగ్గు తగ్గుతుంది, జ్వరం పోతుంది, ఆకలి పుడుతుంది. నయమైందనుకుని చాలామంది ఆపేస్తారు. లోపల మిగిలిన క్రిములు మళ్ళీ పెరిగి, ఒక్కోసారి మందులకు లొంగకుండా తయారవుతాయి.

దీనిపై తొలినాటి లోతైన కృషి మద్రాసులో జరిగింది. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి అక్కడ క్షయ చికిత్సా పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పాయి. అప్పటిదాకా మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి శానటోరియంలలో నెలల తరబడి ఉండి వైద్యం చేయించుకోవడమే మేలని నమ్మేవారు. వాలెస్ ఫాక్స్ బృందం 193 మంది పేద రోగుల్లో కొందరిని శానటోరియంలో, మిగతావారిని ఇళ్ళలోనే ఉంచి ఏడాదిపాటు ఒకే మందులు ఇచ్చింది. ఇరుకిళ్ళలో ఉన్నవారికీ దాదాపు అంత బాగానూ నయమైందని, ఇంట్లోవాళ్ళకు జబ్బు అంటుకోవడం కూడా పెరగలేదని 1959లో వెల్లడైంది. అయితే ఇంట్లో మందు నిజంగా మింగుతున్నారా? సిబ్బంది చెప్పాపెట్టకుండా వెళ్ళి మాత్రలు లెక్కపెట్టేవారు, మూత్రం పరీక్షించేవారు. వాడుతున్నామని చెప్పినవాళ్ళందరూ వాడటం లేదని అలా తేలింది. దాంతో వారానికి రెండుసార్లు ఎదురుగా ఉండి మందు ఇచ్చే పద్ధతినీ ఆ కేంద్రమే పరీక్షించింది.

ఈ ఆలోచనే 1990లలో 'డాట్స్'గా ప్రపంచమంతా పాకింది. మన దేశంలో 1993లో ప్రయోగాత్మకంగా మొదలై 2006కల్లా అన్ని జిల్లాలకూ చేరింది. ఒక్కో రోగికి చికిత్సకు సరిపడా మందులన్నీ విడిగా ఒక పెట్టెలో ఉంచేవారు. మందు అయిపోయిందని రోగిని తిప్పి పంపే అవసరం ఉండేది కాదు. హైదరాబాదులో మహావీర్ ఆస్పత్రి 1995లోనే ప్రైవేటు డాక్టర్లను ఇందులో కలుపుకుంది.

ఎదురుగా మింగించడం వల్లే ఫలితాలు మెరుగవుతాయన్న నమ్మకాన్ని దక్షిణాఫ్రికా (1998), పాకిస్తాన్ (2001) అధ్యయనాలు ప్రశ్నించాయి. సొంతంగా వాడుకున్నవారికీ, సిబ్బంది ఎదురుగా మింగినవారికీ మధ్య పెద్ద తేడా కనిపించలేదు. కూలి పోగొట్టుకుని కేంద్రానికి రావలసిన మనిషికి ఆ నిఘాయే అడ్డంకి.

తర్వాత ఫోన్లు రంగంలోకి దిగాయి. మన దేశంలో పుట్టిన '99డాట్స్'లో మాత్ర తీస్తే అట్ట వెనక ఒక నంబరు బయటపడుతుంది. దానికి ఉచితంగా కాల్ చేస్తే ఆ రోజు మందు వేసుకున్నట్టు నమోదవుతుంది. అయితే మూత్ర పరీక్షలతో పోల్చినప్పుడు ఆ లెక్క అంత నమ్మదగ్గదిగా తేలలేదు. చైనాలో 2015లో వెలువడిన అధ్యయనంలో గుర్తుచేసే మందుల పెట్టె వల్ల తప్పిపోయే మోతాదులు తగ్గాయి, ఎస్ఎంఎస్‌ల వల్ల తగ్గలేదు.

నా దృష్టిలో అసలు మలుపు తిండి మీద జరిగిన పరిశోధన. జార్ఖండ్‌లో 2,800 మంది రోగులకు నెలనెలా బియ్యం, పప్పు, పాలపొడి, నూనె కలిపి 10 కిలోల సరుకులు ఇచ్చారు. నూటికి 94 మంది దాకా చికిత్సను విజయవంతంగా ముగించారు. కుటుంబాలకూ సరుకులు అందిన ఇళ్ళలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గిందని 2023లో ప్రచురించారు. ఖాళీ కడుపుతో ఆ మాత్రలు వేసుకుంటే వచ్చే వికారం తెలిసినవారికి అంతమంది చికిత్స ముగించడం వింతగా తోచదు.

క్షయ రోగుల తిండి కోసం 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన ప్రభుత్వ పథకం నిక్షయ్ పోషణ్ యోజన సాయాన్ని 2024 నవంబరు నుంచి 1,000కి పెంచారు. ఆ డబ్బు చికిత్స మొదటి నెలలోనే రోగి చేతికి అందాలి.