ముద్దుపేర్ల అర్జెంటీనా

బ్వేనస్ ఐరెస్‌లో మగవాళ్లు కూడా చెంపకు చెంప ఆనించి పలకరించుకుంటారు. "చే, కోమో అందాస్?" అంటే "ఏమోయ్, ఎలా ఉన్నావ్?" అని. ఆ "చే" ఊతపదంగా పట్టుకున్నందుకే విప్లవకారుడు గెవారాకు ఆ పేరు పడింది. వెళ్లేటప్పుడు అనే "చావ్" మాత్రం స్పానిష్ కాదు, ఇటాలియన్లు తెచ్చింది.

ఆ ఇటాలియన్లు పిలిస్తే వచ్చినవాళ్లే. యూరప్ నుంచి వలసలను ప్రోత్సహించాలని 1853 రాజ్యాంగంలోనే రాసుకున్నారు. 1914 జనాభా లెక్కల నాటికి దేశంలో పదిమందికి ముగ్గురు బయట పుట్టినవాళ్లు. ఈ నగరంలో అయితే దాదాపు సగం మంది. ఓడ దిగినవాళ్లకు కొన్నాళ్లు ఉచితంగా తిండి, పడక ఇచ్చిన వలసదారుల హోటల్ రేవు పక్కన ఇప్పటికీ ఉంది, మ్యూజియంగా.

పేర్లు పెట్టడంలో వీళ్లకు మొహమాటం లేదు. స్పెయిన్‌లో ఏ మూల నుంచి వచ్చినా "గషేగో", ఇటలీవాడు "తానో". రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చిన యూదులు "రూసో"లయ్యారు. సిరియా, లెబనాన్ వాళ్ల చేతుల్లో ఒట్టోమన్ కాగితాలుండేవి కాబట్టి వాళ్లంతా "తుర్కో"లు. 1989 నుంచి పదేళ్లు అధ్యక్షుడిగా ఉన్న మెనెమ్ తల్లిదండ్రులు సిరియన్లు. ఆయన్నీ "ఎల్ తుర్కో" అనే అనేవారు.

ఇళ్లలోనూ ఇదే ధోరణి. సన్నగా ఉన్న భార్యను కూడా "గోర్దా" (బొద్దుగుమ్మ) అంటాడు భర్త. మనం చాటున "మా ముసలాయన" అంటాం. వీళ్లు తండ్రిని ఎదుటే "వియేహో" అంటారు, ఆయన నవ్వుతూ పలుకుతాడు.

"నెగ్రో" (నల్లవాడు) దగ్గరే నాకు పేచీ. ప్రేమగా వాడేవాళ్లున్నారు, నిజమే. గాయని మెర్సెదెస్ సోసాను దేశమంతా "లా నెగ్రా" అని అభిమానంగా పిలుచుకుంది. కానీ 1810 ప్రాంతంలో ఈ నగర జనాభాలో మూడో వంతు ఆఫ్రికా మూలాల వాళ్లే. ఆ సంగతి బడిలో చదివినట్టు నా స్నేహితుల్లో ఒక్కరికీ గుర్తులేదు. పైగా అదే మాట చామనఛాయ పేదల మీద తిట్టుగానూ పడుతుంది. అంతా ముద్దేనంటే నేను ఒప్పుకోను.

మీరు ఎప్పుడైనా ఇటు వస్తే, మీది ఏ మతమైనా మిమ్మల్ని "ఇందూ" అంటారు. "ఇందియో" అనే మాట ఇక్కడి మూలవాసులకు ఎప్పుడో అంటగట్టేశారు మరి. వాదన పెట్టుకోకండి, మీ ఊరి పేరు చెప్పండి.