మన యింటికి రేడియో వచ్చిన క్రమము

రేడియో చరిత్ర యనగానే మార్కోనీతో మొదలుపెట్టి ప్రసార కేంద్రముల ప్రారంభోత్సవములతో ముగించుట పరిపాటి. పలికినవారి పేర్లు, పాడినవారి పేర్లు అందులో నిండుగా నుండును. వినువాని వైపునుండి ఆ కథను చెప్పినవారు మాత్రము తక్కువ. ఏ పెట్టె కొనవలెను, దానికి విద్యుత్తు ఎక్కడనుండి తేవలెను, తీగ ఎక్కడ కట్టవలెను అను మూడు ప్రశ్నలకు సమాధానము దొరకిన పిమ్మటనే ఏ తెలుగు గృహమందైనను రేడియో పలికినది. ఈ ప్రసంగమున మేము ఆ మూడింటినే పట్టుకొని కొంత దూరము పోదలచినాము.

రేడియోకు ముందే కలవారి లోగిళ్ళలో గ్రామఫోను వెలసియుండెను. 1902లో కలకత్తాలో మొదటి రికార్డులు తీసిరి. 1908లో అక్కడనే సియాల్దాలో రికార్డుల కర్మాగారము నెలకొన్నది. ఆ యంత్రమునకు విద్యుత్తు అక్కరలేదు. కీ త్రిప్పి, కొత్త ముల్లు బిగించి, లక్కతో చేసిన పళ్ళెమును పెట్టినచో మూడు నిమిషముల పాట వినవచ్చును. ముల్లు మార్చక బద్ధకించినవారి రికార్డులు త్వరలోనే గరగర మనెడివి. ఎట్లున్నను గ్రామఫోను ఇంటిలోపలి వస్తువు. గోడ బయటి ప్రపంచముతో దానికి పనిలేదు. రేడియో యట్లు కాదు. అది యెంత ఖరీదైనదైనను, దూరమునుండి తరంగము రానిచో ఒక కొయ్యపెట్టె మాత్రమే.

దక్షిణ దేశమున ప్రసారము చెన్నపట్టణమున ఒక క్లబ్బు ఉత్సాహముతో మొదలైనది. మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బువారు 1924 జులై 31 నాడు ప్రసారము ప్రారంభించిరి. వారి ప్రేషక యంత్రము శక్తి 40 వాట్లు. నేడు ఒక గదిలో వెలుగు పాతకాలపు బల్బు శక్తి అంతయే! దానిని వినుటకు నగరవాసులు స్ఫటిక గ్రాహకములను వాడెడివారు. సీసపు ఖనిజపు తునుకపై సన్నని తీగ మొనను ఆనించి, మాట వినబడు చోటు దొరకువరకు ఓపికతో కదల్చవలెను. దానికి బ్యాటరీ వలదు, కరెంటు వలదు. కాని చెవులకు ఫోనులు తగిలించుకొన్న ఒక్కడే వినగలడు, అదియు కొద్ది మైళ్ళ దూరములోనే. 1927లో క్లబ్బు ప్రసారములు డబ్బు చాలక నిలిచినవి. 1930లో నగర కార్పొరేషను ఆ పనిని చేపట్టి, సముద్రతీరమున లౌడ్‌స్పీకర్లు పెట్టి జనులకు వినిపించెను. ఆ లోపల, 1927లో బొంబాయి, కలకత్తాలలో ఒక కంపెనీ కేంద్రములను తెరచినది. ఆ యేడాది చివరకు దేశమంతటను లైసెన్సులు నాలుగు వేలకు లోపే. ఏడాదికి పది రూపాయల రుసుముతో, అంత కొద్దిమందిపై ఆధారపడిన కంపెనీ 1930లో మూతపడుట వింత కాదు.

ఇక తెలుగు జిల్లాల సంగతి. 1938 జూన్ 16 నాడు చెన్నపట్టణమున ఆలిండియా రేడియో కేంద్రము తెరువబడినది. తెలుగు కార్యక్రమములు అందులో నుండెను గదా, ఇక లోటేమి అని తోచవచ్చును. లోటు యంత్రములలో నుండెను. ఆ కేంద్రపు మీడియం వేవు శక్తి 250 వాట్లు, షార్టు వేవు శక్తి 10 కిలోవాట్లు. మీడియం వేవు తరంగము పగలు నేలను అంటిపెట్టుకొని పోవును. 250 వాట్లతో అది నగర పరిసరములను దాటి ఎంతో దూరము పోజాలదు. బెజవాడకు రైలు దారిన నాలుగు వందల కిలోమీటర్లకు పైన, విశాఖపట్టణమునకు ఏడు వందలకు పైన దూరము. అందుచేత కృష్ణా గోదావరి మండలములవారికి తెలుగు మాట వినవలెనన్న షార్టు వేవే శరణ్యము. ఆ తరంగము ఆకాశమందలి అయానుమండలమును తాకి తిరిగి నేలకు దిగును. కావున దూరము పోవును గాని నిలకడ యుండదు. పాట నడుమ స్వరము సన్నగిలును, మరల ఉబుకును. పగలు పనికివచ్చిన మీటరు రాత్రికి పనికిరాదు.

దీని ఫలితమేమనగా, చౌకగా దొరకు మీడియం వేవు పెట్టె నగరవాసికి చాలినను తెలుగు పల్లెకు వ్యర్థము. తన భాష వినుటకే తెలుగువాడు లండను, బెర్లిను వినుటకు తగిన ఖరీదైన పెట్టెను కొనవలసి వచ్చెను. రేడియో ధనికుల వేడుకగా చాలకాలము నిలిచిపోవుటకు జనుల పేదరికమొక్కటే కారణమని చెప్పుట మాకు సమ్మతము కాదు. కేంద్రములు నెలకొల్పిన తీరును అందులో భాగము పంచుకొన్నది.

హైదరాబాదు రాజ్యమున వేరొక దారి. అక్కడ 1930లలో దక్కను రేడియో మొదలైనది. 1935లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించెను. ఉర్దూది పైచేయి, తెలుగునకు కొంత వేళ కేటాయించిరి.

రెండవ ప్రశ్న కరెంటు. పెట్టె కొనబోవువానిని దుకాణదారు మొదట అడుగవలసిన మాట 'మీ యూరిలో ఏ.సి.యా, డి.సి.యా' యని. కొన్ని పట్టణములలో ఒకటి, కొన్నిటిలో రెండవది యుండెను. ఏ.సి. పెట్టెను డి.సి.కి తగిలించినచో లోపలి ట్రాన్స్‌ఫార్మరు మాడిపోవును. ఈ చిక్కు తీర్చుటకు రెంటికిని పనికివచ్చు పెట్టెలు వచ్చినవి. వాటిలో ట్రాన్స్‌ఫార్మరు లేదు. వాల్వుల ఫిలమెంట్లన్నియు ఒకదాని వెనుక నొకటి గొలుసుగా కట్టబడి యుండును. ధర తగ్గినది, అపాయము పెరిగినది. లోపలి ఇనుప చట్రము సూటిగా కరెంటు తీగకే అంటియుండుటచే, మీట ఊడిన కడ్డీని తడిచేతితో ముట్టినవానికి ప్రాణగండము. అట్టి పెట్టె చట్రమునకు భూమితీగను నేరుగా కలుపరాదు.

కరెంటే లేని పల్లెలకు బ్యాటరీ పెట్టెలు. ఫిలమెంట్లకు ఆమ్లపు బ్యాటరీ ఒకటి, వాల్వులకు ఎక్కువ వోల్టేజి నిచ్చుటకు పొడి బ్యాటరీ మరియొకటి. మొదటిదానిని సైకిలుపైనో, బండిపైనో పట్టణమునకు పంపి ఛార్జి చేయించి తేవలెను. రెండవది అయిపోయిన పిమ్మట పారవేసి క్రొత్తది కొనవలసినదే. కావున పల్లెటూరి గృహస్థు వార్తలు వినును, పాట కట్టివేయును. మాచ్‌ఖండు జలవిద్యుత్తు 1955లో వచ్చినదాక ఉత్తర సర్కారులలో అనేక గ్రామములకు ఇదియే గతి. పిమ్మటను చాలకాలము పట్టినది. పంచాయతీలకు ప్రభుత్వము రేడియోలు పంచినప్పుడును బ్యాటరీ అయిపోయి పెట్టె మూగవోయిన దినములు తక్కువ కావు. పైగా ఆ పెట్టె ఎవరి యరుగుపై నున్నది యన్న ప్రశ్న యొకటి. ఆ యరుగెక్కి కూర్చుండుటకు ఊరిలో అందరికిని అర్హత లేని కాలమది. వీధిలో నిలుచున్నవానికి వినబడినంతయే వానిది.

ఇక తీగ. దీనిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పుటకు పాఠకులు అనుమతింతురు గాక. మంచి ఏరియలుతో నాసిరకపు పెట్టె పలుకును. ఏరియలు లేక మేలైన పెట్టెయు గొణుగును. మేడపై రెండు వెదురుగడలో, సరుగుడు వాసములో నిలిపి, వాటి నడుమ ముప్పది మొదలు అరువది అడుగుల రాగితీగను కట్టెడివారు. రెండు కొనల పింగాణి గుండ్లు ఉండవలెను. లేనిచో వానకు తడిసిన గడలగుండ తరంగమంతయు భూమిలోనికి జారిపోవును. కరెంటు తీగలకు సమాంతరముగ కట్టరాదు, వాటికి అడ్డముగ కట్టవలెను. అట్లయిన గాని వాటి బుసబుస తగ్గదు. గోడగుండ లోనికి దిగు తీగను సున్నమునకు తగులనీయక గొట్టముతో తీసికొనిరావలెను. సంక్రాంతి దినములలో గాలిపటములు చిక్కుకొని వ్రేలాడుటయు, కాకులు వరుసదీరుటయు ఈ శాస్త్రమునకు అనుబంధములు.

భూమితీగను నూతి దగ్గర తేమగల చోట పాతుట శ్రేష్ఠము. గొయ్యి త్రవ్వి, గొట్టము నిలిపి, చుట్టును బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో అప్పుడప్పుడు నీరు పోసెడివారు. ఏరియలుకును భూమికిని నడుమ ఒక మీట. ఉరుము వినబడగానే దానిని భూమివైపు త్రిప్పవలెను. ఇంత శ్రమపడలేనివారికి, పడకగది పైకప్పు క్రింద ఈ గోడనుండి ఆ గోడకు లాగికట్టు రాగిజాలీ పట్టీ వచ్చినది. ఇది చూపులకు ముద్దు, పనికి మధ్యమము. దగ్గరి కేంద్రమునకు చాలును, దూరపు షార్టు వేవునకు చాలదు.

లైసెన్సు మాట మరువరాదు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము ప్రకారము అనుమతి లేక రేడియో కలిగియుండుట నేరము. తపాలా కచేరీలో ఏటేట రుసుము కట్టి పుస్తకముపై ముద్ర వేయించుకొనవలెను. పది రూపాయల రుసుము తరువాత పదునైదయినది. 1980ల నడుమ గాని ఈ లైసెన్సు తొలగిపోలేదు. అయినను చట్టము చేతిలో నున్నది పెట్టెయే గాని చెవి కాదు. 1942లో సుభాష్ చంద్రబోసు జర్మనీనుండి పలికినప్పుడు తలుపులు మూసి, ధ్వని తగ్గించి విన్నవారు దేశమంతట నుండిరి. ఆ యేటనే బొంబాయిలో ఉషామెహతా మొదలైనవారు రహస్యముగ కాంగ్రెసు రేడియో నడిపి పట్టుబడిరి. 1948 జనవరి 30 రాత్రి గాంధీజీ మరణమును గూర్చి నెహ్రూ పలికిన పలుకులు, సెప్టెంబరు 17 నాడు నిజాము తన సేనల లొంగుబాటును గూర్చి చేసిన ప్రకటన, ఈ రెండును జనులు రేడియోల చుట్టు మూగి విన్నవే.

ఆ యేడే డిసెంబరు 1 నాడు విజయవాడ కేంద్రము వెలసినది. 1950 ఏప్రిల్ 1న హైదరాబాదు కేంద్రము ఆకాశవాణిలో చేరినది. 1963లో కడప, విశాఖపట్టణములు వచ్చినవి. మీడియం వేవు దగ్గరకు రాగానే చౌక పెట్టెకు విలువ కలిగినది. అటులని షార్టు వేవును జనులు విడువలేదు. 1952 తరువాత ఆకాశవాణి సినిమా పాటలను కట్టడిచేయగా శ్రోతలు ముల్లును సిలోను వైపు త్రిప్పిరి. 1957 అక్టోబరు 3న వివిధభారతిని ప్రారంభించుటకు ఈ వలసయే ప్రధాన కారణము. శ్రోత ముల్లు త్రిప్పి ప్రభుత్వముచే విధానము మార్పించెనన్న మాట!

అప్పటి దుకాణములలో మర్ఫీ, ఫిలిప్స్, జి.ఇ.సి., హెచ్.ఎం.వి., బుష్, నేషనల్ ఎకో మొదలగు పేర్లు మెరసెడివి. సాధారణముగ అయిదు వాల్వుల పెట్టె గృహమునకు చాలునని తెలిసినవారు చెప్పెడివారు. ఆరవది తరచుగ మేజిక్ ఐ. స్టేషను సరిగా కుదిరినకొలది దాని పచ్చని వెలుగు దగ్గరపడును. అది చెవికి చేయు మేలు కంటె కంటికి చేయు మేలే యెక్కువ యని మా యభిప్రాయము. షార్టు వేవున స్టేషనులు విడివిడిగా కుదురుట, ధ్వని పెంచినను స్పీకరు బీటవాఱిన స్వరము పలుకకుండుట, వెనుకవైపు గ్రామఫోను తగిలించుటకు చోటుండుట, ఇవి చూచి కొన్నవాడు మోసపోలేదు. కొయ్య మెరుగు చూచి కొన్నవారే అధికులు. ఇంటికి తెచ్చి, ఎత్తయిన అల్మారాపై పెట్టి, అల్లిక గుడ్డ కప్పెడివారు. ఆ గుడ్డ వెనుకవైపు గాలి రంధ్రములను మూయుటచే లోపలి వేడి పోక మైనపు కండెన్సరులు కారిపోయెడివి.

1960లలో ట్రాన్సిస్టరు వచ్చి మూడు ప్రశ్నలను ఒక్కసారిగ త్రోసివేసినది. తీగకు బదులు లోపల ఫెరైటు కడ్డీ. కరెంటుకు బదులు టార్చిలైటు సెల్లులు. పెట్టెను అటునిటు త్రిప్పి చూచి, ధ్వని పెరిగిన దిక్కున నిలిపినచో చాలును. పొలముగట్టున పనివాడును వినగలిగెను. మేడలపై గడలు కొంతకాలము ఖాళీగ నిలిచి, 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శను కేంద్రము వచ్చిన పిమ్మట అల్యూమినియపు కొమ్మలు ధరించినవి.

అటకలనుండి వాల్వు పెట్టెలను దించి బాగుచేయించువారు నేడు మరల కనబడుచున్నారు. వారికొక మాట. దశాబ్దములు నిద్రించిన పెట్టెను సూటిగా కరెంటునకు తగిలింపరాదు. ముందు మైనపు కండెన్సరులు మార్పించవలెను. పెట్టె పలికినను మీడియం వేవున బుస వినబడినచో దోషము దానిదే యనుకొనరాదు. గదిలోని ఎల్.ఇ.డి. దీపములను, సెల్‌ఫోను ఛార్జరులను ఒక్కొక్కటిగ ఆర్పి చూడవలెను. పిదప పాత పద్ధతిలోనే మేడపై ఒక తీగ, నూతి దగ్గర ఒక గొట్టము.