హోహెన్‌స్టౌఫెన్ కోట
జర్మనీ నైరుతి భాగాన, స్వాబియా ప్రాంతంలోని గోపింగెన్ పట్టణానికి చేరువలో 684 మీటర్ల ఎత్తైన కొండ శిఖరంపై వెలసిన మధ్యయుగ గిరిదుర్గం. హోహెన్‌స్టౌఫెన్ రాజవంశానికి పేరిచ్చింది ఈ కోటే. నేడు పునాదులు, కొద్దిపాటి గోడల ఆనవాళ్లు మాత్రమే మిగిలాయి.

దీన్ని 1070 ప్రాంతంలో ఫ్రెడరిక్ అనే ప్రభువు కట్టించాడు. 1079లో రాజు నాలుగవ హెన్రీ అతణ్ణి స్వాబియా డ్యూక్‌ను చేసి, తన కూతురు ఆగ్నెస్‌ను ఇచ్చేందుకు ఒప్పుకోవడంతో ఆ వంశం దశ తిరిగింది. చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోస్సా ఇతని మనవడు. అప్పటి పాలకులు ఒకచోట ఉండక రాజ్యమంతా తిరుగుతూ ఏలేవారు. అందువల్ల ఇంత పేరున్న కోటలో చక్రవర్తులు గడిపిన కాలం స్వల్పం. బార్బరోస్సా 1181లో ఇక్కడ బస చేశాడు.

కోట చరిత్రలో అత్యంత విషాదకరమైన ఘట్టం 1208 నాటిది. ఆ జూన్‌లో ఈ వంశానికే చెందిన రాజు ఫిలిప్ బాంబెర్గ్‌లో హత్యకు గురయ్యాడు. అతని భార్య, బైజాంటైన్ రాజకుమారి ఐరీన్, అప్పటికి నిండు గర్భిణి. ఈ కోటకు చేరి, ఆగస్టులో ఇక్కడే కన్నుమూసింది. ఆమెను లోర్ఖ్ మఠంలో ఖననం చేశారు.

1268లో నేపుల్స్‌లో ఈ వంశపు చివరి వారసుడు కొన్రాడిన్ శిరచ్ఛేదంతో వంశం అంతరించింది. తర్వాత కోట వుర్టెంబెర్గ్ పాలకుల వశమైంది. 1525లో తిరుగుబాటు చేసిన రైతులు దాన్ని తగలబెట్టారు. అయితే శిథిలాలను మాయం చేసింది ఆ మంటలకన్నా రాళ్ల తరలింపే. 16వ శతాబ్దంలోనే గోపింగెన్‌లో కొత్త ప్రాసాదం కోసం ఇక్కడి రాళ్లు తీసుకుపోయారు. 20వ శతాబ్దపు తవ్వకాల్లో పునాదులు బయటపడ్డాయి.