జపాను తీరపు ‘అనాథ సునామీ’

జపాను పంచాంగం ప్రకారం అది గెన్‌రోకు శకం పన్నెండవ సంవత్సరం, పన్నెండవ మాసం, ఎనిమిదవ దినం, అనగా క్రీ.శ. 1700 జనవరి 27. ఆ అర్ధరాత్రి ప్రాంతంలో హోన్షూ ద్వీపపు ఈశాన్య తీరాన కువగసాకి అనే రేవు గ్రామాన్ని సముద్రం ముంచెత్తింది. కెరటాల తాకిడికి 13 ఇళ్ళు నేలమట్టం కాగా, ఆ కల్లోలంలో చెలరేగిన మంటలకు మరో 20 ఇళ్ళు దగ్ధమయ్యాయి. నిరాశ్రయులకు మియాకో అధికారులు బియ్యం పంచిపెట్టారు. ఇంకా దక్షిణాన నకమినతో సమీపంలో బియ్యపు బస్తాలతో వచ్చిన ఓడ ఒకటి బద్దలై, ఇద్దరు నావికులు మరణించారు.

‘సునామీ’ అన్న పదమే జపానువారిది. ‘సు’ అంటే రేవు, ‘నామి’ అంటే అల. భూమి కంపించిన పిమ్మట సముద్రం పొంగుతుందని వారు తరతరాలుగా ఎరుగుదురు. కానీ ఆ రాత్రి భూమి కదలనే లేదు! మిహో గ్రామ పెద్ద ఈ వింతను ఆశ్చర్యంతో వ్రాసిపెట్టాడు. గ్రామస్థులను ఎత్తుగా ఉన్న ఆలయానికి తరలించాడు. జన్మనిచ్చిన భూకంపం కానరాని ఈ సునామీకి తరువాతి కాలపు పండితులు ‘అనాథ’ అని పేరు పెట్టారు.

ఆ భూకంపం సముద్రానికి ఆవలి ఒడ్డున, ఉత్తర అమెరికాలో సంభవించింది. అక్కడ వ్రాతపూర్వక చరిత్ర 18వ శతాబ్దపు చివరి భాగంలో గాని ఆరంభం కాలేదు. ఆదివాసుల కథలు మాత్రం ఉన్నాయి: చలికాలపు రాత్రి నేల కంపించి, ఊళ్ళకు ఊళ్ళే సముద్రంలో కలిసిపోయాయని. ఇటువంటి కథలను చరిత్రగా అంగీకరించడానికి చదువుకున్నవారు చాలాకాలం వెనుకాడారు. 1987లో బ్రయాన్ అట్‌వాటర్ వాషింగ్టన్ రాష్ట్రపు తీరంలో కుంగిపోయిన నేలలనూ, వాటిపై పేరుకొన్న సునామీ ఇసుకనూ వెల్లడించాడు. అయితే సంవత్సరం తేలలేదు.

దానిని తేల్చినవి జపాను గుమాస్తాల, వర్తకుల, గ్రామ పెద్దల దస్తావేజులు. 1996లో కెంజి సతాకే బృందం వాటిని పరిశీలించి, అలలు పసిఫిక్ మహాసముద్రం దాటడానికి సుమారు పది గంటలు పట్టి ఉంటుందని లెక్కకట్టింది. ఆ లెక్కన భూకంపం అమెరికా కాలమానంలో 1700 జనవరి 26 రాత్రి తొమ్మిది గంటల వేళ సంభవించింది. మరుసటి సంవత్సరమే ఉప్పునీట మునిగి ఎండిపోయిన దేవదారు జాతి చెట్ల వేళ్ళ వలయాలు సాక్ష్యమిచ్చాయి. వాటి తుది వలయం 1699 నాటిది. భూకంప తీవ్రత 8.7 నుండి 9.2 వరకు ఉండవచ్చునని 2003లో అంచనా వేశారు.

దూరపు భూకంపం తెచ్చే విపత్తు మన తూర్పు తీరానికీ 2004 డిసెంబరు 26న అనుభవమైంది. సుమత్రా వద్ద పుట్టిన అలలు సుమారు రెండున్నర గంటలలో ఇక్కడికి చేరాయి. ఆనాడు హిందూ మహాసముద్రంలో హెచ్చరిక వ్యవస్థ లేదు. హైదరాబాదులోని కేంద్రం 2007లో ఏర్పడింది.

అమెరికాలో ఆ భ్రంశ రేఖ నేటికీ సజీవమే. వాషింగ్టన్ తీరాన వెస్ట్‌పోర్ట్‌లోని ఒకోస్టా ప్రాథమిక పాఠశాలవారు 2016 నాటికి కొత్త వ్యాయామశాల నిర్మించుకొన్నారు. సునామీ వస్తే వెయ్యిమంది నిలువగలిగేలా దాని పైకప్పును పటిష్ఠపరచారు.