మోటార్ న్యూరాన్ వ్యాధి - మేధాశక్తి పరీక్ష

మోటార్ న్యూరాన్ వ్యాధి కండరాలను నడిపించే నాడీకణాలను క్రమంగా నశింపజేసే వ్యాధి. ఇది కండరాలకే పరిమితమని చాలాకాలం భావించారు. కాని దాదాపు సగంమంది రోగులలో ఆలోచన, భాష, ప్రవర్తనలలో ఏదో ఒక మార్పు కనిపిస్తుంది. కొందరిలో అది ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియాగా పరిణమిస్తుంది.

సాధారణ మతిమరుపు పరీక్షలు వీరికి సరిపడవు. చేయి లేవనివారు బొమ్మ గీయలేరు, నాలుక తడబడేవారు త్వరగా బదులివ్వలేరు. అది బుద్ధిలోపం కాదు. ఎడిన్‌బరోలో రూపొందిన ఈకాస్ పరీక్షలో (136 మార్కులు, సుమారు 20 నిమిషాలు) జవాబులు నోటితో గాని, వ్రాతతో గాని ఇవ్వవచ్చు. ఒక అక్షరంతో మొదలయ్యే పదాలు చెప్పించినపుడు, అవే పదాలను చదవటానికో, చూచి వ్రాయటానికో పట్టిన సమయాన్ని తీసివేసి, ఆలోచనకు పట్టిన కాలాన్నే గణిస్తారు.

== తెలుగువారి విషయంలో ==

తెలుగులో 'క' అని అడిగితే 'కాకి', 'కిటికీ' లెక్కలోకి వస్తాయా అన్నది ముందే నిర్ణయించాలి. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో మిరపకోతలకు వెళ్ళే, బడి ఎరుగని కూలీకి ఆ ప్రశ్నే అర్థం కాకపోవచ్చు. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం ఆడెన్‌బ్రూక్ పరీక్షను తెలుగుకు అనువుగా మలచింది. అయితే అది డిమెన్షియా కొరకు ఉద్దేశించినది, చేతులు, మాట పడిపోయినవారి కొరకు కాదు.

ఇంటివారిని విడిగా విచారించటం అత్యవసరం. కొత్తగా తీపిపై మోజు, ఎదుటివారి బాధ పట్టకపోవటం, నిరాసక్తత వంటివి రోగి తానుగా చెప్పడు. నిరాసక్తతను దిగులుగా పొరబడటం తరచు జరిగేదే. శ్వాసయంత్రం, ఆహారగొట్టం, పొలం పత్రాలపై వేలిముద్ర వంటి నిర్ణయాలకు ముందే ఈ పరీక్ష జరగాలి.