పేడలోని పోషకం పొలానికి చేరేదెంత?

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో 19 కోట్లకు పైగా ఆవులు, ఎద్దులు, దాదాపు 11 కోట్ల గేదెలు, దున్నలు ఉన్నాయి. వీటి పేడ, మూత్రాల్లో నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ ఉంటాయి. అందులో పైరు వేళ్ల వరకు చేరేదెంత అన్నదే ప్రశ్న.

నష్టం పశువుల కొట్టంలోనే మొదలవుతుంది. పశువు విసర్జించే పొటాష్‌లో అధిక భాగం, నత్రజనిలో చెప్పుకోదగిన భాగం మూత్రంలోనే ఉంటాయి. మట్టి నేలలో అది ఇంకిపోతుంది. పెంటకుప్పను ఆరుబయట వదిలేస్తే ఎండకు నత్రజని అమ్మోనియా రూపంలో గాలిలో కలుస్తుంది. వానకు పొటాష్ కొట్టుకుపోతుంది. పిడకలుగా కాల్చితే నత్రజని దాదాపు మిగలదు, భాస్వరం, పొటాష్ మాత్రం బూడిదలో ఉండిపోతాయి.

గోబర్ గ్యాస్ ప్లాంటు ప్రయోజనం ఇక్కడే తెలుస్తుంది. మండే వాయువైన మీథేన్‌లో ఉండేవి కర్బనం, ఉదజని మాత్రమే. కాబట్టి పేడ నుంచి వంటకు ఇంధనం తీసుకున్నా నత్రజని, భాస్వరం, పొటాష్ స్లర్రీలోనే ఉంటాయి. పైగా సేంద్రియ నత్రజనిలో కొంత పైరు వెంటనే తీసుకోగల అమ్మోనియం రూపంలోకి మారుతుంది. అయితే త్వరగా ఆవిరయ్యేదీ ఆ రూపమే. స్లర్రీని రోజుల తరబడి గుంటలో ఎండబెడితే ఆ లాభం చేజారుతుంది. గ్యాస్‌పై చూపే శ్రద్ధ స్లర్రీ గుంటపై అరుదుగానే కనిపిస్తుంది. సాగునీటితో పారించడం, చల్లిన వెంటనే మట్టిలో కలపడం, లేదా ఎండుగడ్డి, ఆకులతో కలిపి కంపోస్టు చేయడం మేలు.

రెండో చిక్కు బరువు. పశువుల ఎరువులో నత్రజని సుమారు 0.5 శాతం, అంటే టన్నుకు 5 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 21 కిలోలు ఉంటుంది. ఒక్క బస్తాకు సమానంగా నాలుగు టన్నులకు పైగా ఎరువు తోలాలి. అదీ మొదటి పంటకే మొత్తం అందదు. యూరియాలో లేని సేంద్రియ కర్బనం, సూక్ష్మపోషకాలు ఎరువులో ఉన్నప్పటికీ, దూరం పెరిగితే బండి కిరాయే భారమవుతుంది.

ఈ కారణంగానే 2018లో ప్రారంభమైన గోబర్‌ధన్ పథకం కింద పనిచేసే ప్లాంట్ల సేంద్రియ ఎరువులకు టన్నుకు రూ.1,500 చొప్పున మార్కెట్ అభివృద్ధి సహాయాన్ని కేంద్ర మంత్రివర్గం 2023 జూన్‌లో ఆమోదించింది. గుజరాత్‌లోని ఆనంద్ జిల్లా జకారియాపురాలో జాతీయ పాడి అభివృద్ధి బోర్డు చొరవతో ఇళ్ల వద్ద బయోగ్యాస్ ప్లాంట్లు ఏర్పాటయ్యాయి. అక్కడి మహిళలు మిగులు స్లర్రీని సహకార సంఘానికి అమ్ముతారు. దానితో ఎరువులు తయారవుతాయి.

తెలుగు రాష్ట్రాల్లో ఎంతో కాలంగా ఉన్న గొర్రెల మంద కట్టే పద్ధతిలో ఈ రవాణా ఖర్చే లేదు. రైతు ఇచ్చే డబ్బుకో ధాన్యానికో కాపరి తన మందను కొన్ని రాత్రులు ఖాళీ పొలంలో నిలుపుతాడు. పెంటికలతో పాటు మూత్రమూ నేరుగా నేలలోకి చేరుతుంది. మంద లేచిన తరువాత ఆలస్యం చేయక దున్నితే అమ్మోనియా నష్టం తగ్గుతుంది.